పలకకూడని పిలుపులు

ఏమీ చేయకుండా ఊరికే ఉండటం కూడా ఒక పనేనని, అది ఆషామాషీ పని కాదని, నలభై మూడేళ్ళు వచ్చేదాకా హోకన్‌కి ఎవరూ చెప్పలేదు. చివరికి చెప్పింది ఫర్నాజ్. ఉత్తరాది చలిదేశపు అడవుల మధ్య ఉన్న వాళ్ళ ఊరు లాంగ్‌మోకి రెండు వందల ముప్పై కిలోమీటర్ల అవతల, సముద్రం పక్కన ఉమియోలో కూర్చునే పిల్లల సైకాలజిస్టు ఆమె. ఇంట్లో ఎవరూ ఆమెని ఎదురుగా చూసింది లేదు. కంప్యూటర్లో వారానికో పాఠం వస్తుంది, పిల్లకొకటి, తల్లిదండ్రులకొకటి, మొత్తం పన్నెండు వారాలు. రాసి పంపినదానికి రెండు రోజుల్లో ఆమె జవాబు వస్తుంది. లాంగ్‌మోలో మొబైల్ సిగ్నల్ కావాలంటే చర్చి దిబ్బ ఎక్కాలి గానీ ఇంటర్నెట్ కేబుల్ మాత్రం గడప గడపకీ ఉంది. ఏ కంపెనీ రానంటే ఊరివాళ్ళే రెండు వేసవులు కాలవలు తవ్వి వేసుకున్నారు. హోకన్ కూడా తవ్వాడు. హాకీ మ్యాచ్‌లు చూసుకుందామని తవ్వాడు పాపం, తన ఇంటి గుట్టు ఉమియో దాకా పంపించుకుందామని కాదు.

ఎనిమిదో వారం పాఠంలో ఫర్నాజ్ ఇలా రాసింది. "ఈ వారం మీరు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. స్వేయా పిలిస్తే పలకకండి."

స్వేయా అతని కూతురు, పన్నెండేళ్ళది. రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో, హోకన్ నడిపే చెట్లు నరికే యంత్రం కింద గడ్డకట్టిన బురద నేల విరిగి, యంత్రం పక్కకి ఒరిగిపోయింది. ఆరు గంటలు అతను క్యాబిన్లో ఇరుక్కుపోయాడు. చిటికెన వేలు విరగడం తప్ప ఇంకేమీ కాలేదు. ఆ వేలు సంగతి అతనెప్పుడో మర్చిపోయాడు. ఆ ఆరు గంటలూ వంటింటి కిటికీ దగ్గర నిలబడిన పిల్ల మాత్రం మర్చిపోలేదు. అప్పట్నుంచీ తండ్రి కంటికి ఆనకపోతే దానికి చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పుతుంది, గొంతు వింటేగానీ కుదుటపడదు. హోకన్ ఏం చేశాడు? వేటగాళ్ళు వాడే మంచి వాకీటాకీ ఒకటి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలువు తల్లీ అన్నాడు. ప్రేమ కొద్దీ చేసే తెలివితక్కువ పనులన్నీ ఇలాగే మొదలవుతాయి. రోజుకి రెండు పిలుపులు ఇరవై అయ్యాయి, ఇరవై నలభై అయ్యాయి.

ఊళ్ళో బడి ఆరో తరగతితో సరి. ఈ ఆగస్టు నుంచి డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నం బడికి వెళ్ళాలి. వెళ్ళింది, కానీ తల్లి మారిత్ మూడు వారాలపాటు బడి కారిడార్లో మేజోళ్ళు అల్లుకుంటూ కూర్చుంటేనే వెళ్ళింది. మారిత్ ముసలివాళ్ళ ఇళ్ళకి తిరిగి వాళ్ళని చూసుకునే ఉద్యోగం చేస్తుంది. ఆమె సెలవు అయిపోయింది. వేట వారమని బడికి సెలవిచ్చారు గనక ఈ వారం గడిచిపోతుంది. వచ్చే సోమవారం నుంచి స్వేయా ఒక్కతే వెళ్ళాలి. వెళ్ళలేకపోతే ఇంట్లోనే ఉండిపోతుంది. అలా ఒకసారి ఉండిపోయిన పిల్లని మళ్ళీ గడప దాటించడం ఎంత కష్టమో ఫర్నాజ్ దాచకుండా రాసింది. ఆ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ హోకన్‌కి అన్నం సయించడం మానేసింది.

వైద్యంలో భాగంగా స్వేయా తన చేత్తోనే మెట్ల బొమ్మ గీసింది. కింది మెట్టు మీద "నాన్న కట్టెల కొట్టంలో, పది నిమిషాలు" అని ఉంటుంది. అన్నిటికన్నా పైమెట్టు మీద "దుప్పుల వేట. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా నాన్న గొంతు వినకుండా" అని ఉంటుంది. దాని పక్కన భయం ఎంతో అంకె వేయాలి, పదికి. పది వేసింది. ఒక్కో మెట్టే ఎక్కుతూ ఎనిమిదో వారానికి ఆ పైమెట్టు ముందు నిలబడింది. పిలవాలనిపిస్తే పిలవచ్చు, అవతల పలుకు మాత్రం ఉండదు. అదీ ఒప్పందం.

సెప్టెంబరు మొదటి సోమవారం వేట మొదలైంది. గుర్రమంత ఎత్తుండే దుప్పి కోసం ఊరు ఊరంతా అడవిలో మంచెలెక్కి కూర్చుంది. ఎనిమిదీ ఇరవైకి వాకీటాకీలో సన్నటి గొంతు వినిపించింది.

"నాన్నా, ఉన్నావా?"

హోకన్ చేతి తొడుగు కొరుక్కుంటూ బిగపట్టుకున్నాడు. అతనొక్కడూ బిగపట్టుకుంటే ఏం లాభం? ఆ ఛానల్ మీద పదకొండు మంది ఉన్నారు.

"ఉన్నాడమ్మా, మీ నాన్న టోపీ నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది," అంది సోల్వేగ్. పిల్లల్ని బడికి తీసుకెళ్ళే టాక్సీ నడిపేది ఆమే, స్వేయా అంటే ప్రాణం.

"మీ నాన్నకేమే, దున్నపోతులా ఉన్నాడు. కాఫీ తాగుతున్నాడు," అన్నాడు ఎవాల్డ్. డెబ్భై నాలుగేళ్ళ ముసలాయన, జట్టు పెద్ద.

అయిదు కిలోమీటర్ల అవతల కుక్కని పట్టుకుని నడుస్తున్నవాడు కూడా ఊరుకోలేదు. "ఇటు ఒక్క తుపాకీ కూడా పేలలేదు తల్లీ, నిశ్చింతగా ఉండు."

ఒకరి తర్వాత ఒకరు, ఒక్క నిమిషంలో తొమ్మిది మంది పలికారు. మామూలుగా ఈ మనుషుల చేత పొద్దున్నే రెండు మాటలు పలికించాలంటే తాతలు దిగిరావాలి. సాయంత్రానికి స్వేయా ముప్పై ఒక్కసార్లు పిలిచింది, ముప్పై ఒక్కసార్లూ ఊరంతా జవాబు చెప్పింది. ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల కాగితం మీద ఆ రోజుని అడ్డంగా కొట్టేసి కూర్చుంది.

"నీ గొంతు వినలేదుగా, లెక్కకొస్తుందని రాద్దామనుకున్నా," అంది. "కానీ అది మోసం."

మంగళవారం పొద్దున్న, ఎవరికే మంచె అని చీట్లు తీసేచోట, హోకన్ మంట ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. జట్టులో పదేళ్ళుగా చీటీ తీసుకోవడం తప్ప మాట్లాడిన మనిషి కాదు. అందరూ కాఫీ కప్పులు పట్టుకుని అతని బూట్ల వంక చూస్తున్నారు.

"స్వేయా సంగతి," అన్నాడు. "ఇవాళ అది పిలిస్తే ఎవరూ పలకద్దు."

"ఏరా, పసిపిల్ల పిలుస్తుంటే నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చోమంటావా?" అన్నాడు ఎవాల్డ్. "ఇదేం వైద్యం రా నాయనా?"

"పలికితే ఆ పలుకు కోసం మళ్ళీ పిలుస్తుంది. పలకకపోతే భయం ఎక్కుతుందట. ఎక్కి ఎక్కి, ఇంక ఎక్కడానికి చోటు లేక, దానంతటదే దిగుతుందట."

"ఎంతసేపటికి దిగుతుంది?"

"తెలీదు."

"దిగకపోతే?"

హోకన్ మంటలోకి ఇంకో కట్టె తోశాడు. సోల్వేగ్ కప్పులోకి చూస్తూ, "నిన్న ముందు పలికింది నేనే," అంది. "పిల్లకి మంచి చేశాననుకుని రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా."

"మా ఇల్లు మీ ఇంటికి ఎదురేగా," అన్నాడు ఎవాల్డ్. "నిజంగా ఏదన్నా అయితే ఆ పిల్ల రోడ్డు దాటి మా ఆవిడ దగ్గరికి పోగలదు. అది చాలు. ఇవాళ వేట మాట తప్ప ఛానల్లో ఇంకేదీ వినపడకూడదు. హోకన్ ఇంటి పిలుపు ఏది వచ్చినా ఎవరూ పలకద్దు. అర్థమైందా?"

అందరూ ఊపిరి లోపలికి పీల్చారు. ఆ వైపు అవుననడానికి అంతకన్నా ఖర్చు పెట్టరు.

హోకన్‌కి మూడో నంబరు మంచె వచ్చింది. ఏడింటికి ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా చెట్లు కొట్టేసిన ఖాళీ, దానికవతల దట్టమైన అడవి. దుప్పిని తోలుకురావాల్సిన కుక్క ఎక్కడో దూరంగా ఉంది, చప్పుడు లేదు. ఏడున్నరకి ఫ్లాస్కు మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించాడు. ఏడూ నలభైకి మళ్ళీ తిప్పాడు.

ఎనిమిదీ అయిదుకి పిలిచింది. "నాన్నా, ఉన్నావా?"

ఛానల్లో చడీచప్పుడూ లేదు. పదకొండు మంది ఊపిరి బిగబట్టుకున్నట్టుంది.

"నాన్నా?" ఈసారి గొంతు చివర కొంచెం వణికింది. హోకన్ కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. బటన్ నొక్కి ఒక్కమాట, ఉన్నానే పిచ్చితల్లీ అని ఒక్కమాట అంటే ఆ వణుకు ఆగిపోతుంది. ఆపే మందు తన చేతిలోనే ఉంది. ఉండీ ఇవ్వకుండా కూర్చోవడం కన్నా పాపం ఉందా? ఆ ఫర్నాజ్‌కి అసలు పిల్లలున్నారా? ఉంటే ఇలాంటి పాఠాలు ఎలా రాస్తుంది?

ఎనిమిదిన్నరకి పిలిచింది. తొమ్మిదికి ఒకసారి, ఆ వెంటనే రెండుసార్లు. తొమ్మిదిన్నరకి పిలిచినప్పుడు ఏడుస్తోంది. "ఎవరన్నా ఒక్కళ్ళు పలకండి, సోల్వేగ్, నువ్వన్నా పలుకు," అంది. సోల్వేగ్ పలకలేదు. ఆ మంచె మీద ఆమె ఏమైపోయి ఉంటుందో హోకన్ ఊహించగలడు. తన సంగతి ఊహించనక్కర్లేదు. తొమ్మిదీ యాభైకి ఇంకోసారి "నాన్నా" అంది. అంతే.

ఆ తర్వాత పిలుపు రాలేదు.

పది దాటింది. పదీ ఇరవై. ముందు అతనికి హమ్మయ్య అనిపించింది. దిగుతోందన్నమాట, ఫర్నాజ్ చెప్పినట్టే అవుతోందన్నమాట. పదిన్నరకి ఆ హమ్మయ్య కాస్తా ఆవిరైపోయింది. ముప్పై ఒక్కసార్లు పిలిచే పిల్ల ఒక్కసారిగా ఎందుకు ఊరుకుంది? పిలవడానికి ఓపిక లేకనా? కళ్ళు తిరిగి పడిపోలేదు కదా? మెట్ల మీద పడిందా? తనని వెతుక్కుంటూ అడవిలోకి వచ్చేసిందా, తుపాకులు గురిపెట్టుకుని కూర్చున్న ఈ అడవిలోకి? ఎర్ర టోపీ అన్నా పెట్టుకుందా? మారిత్ ఈ సమయంలో ఏ ముసలమ్మకో స్నానం చేయిస్తూ ఉంటుంది. ఎవాల్డ్ భార్యకి సగం చెవుడు. పిల్ల తలుపు కొట్టినా ఆవిడకి వినిపిస్తుందా?

పిలుపు వస్తున్నంతసేపూ కనీసం బతికుందని తెలిసేది. ఇప్పుడు అదీ లేదు.

హోకన్ లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మంచె మీద నాలుగడుగుల చోటులో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. పెట్టి తీసేశాడు. జట్టు పెద్ద చెప్పేదాకా మంచె దిగకూడదు. పొదల్లో కదిలేది మనిషో దుప్పో అవతలి మంచె మీదున్నవాడికి తెలియదు. చిన్నప్పట్నుంచీ ఎముకల్లో ఇంకిపోయిన మాట అది. మళ్ళీ నిచ్చెన మీద కాలు పెట్టాడు, మళ్ళీ తీశాడు.

పదకొండూ పదికి అతని బొటనవేలు బటన్ నొక్కింది. తానే నొక్కానని అతను తర్వాత కూడా ఒప్పుకోలేకపోయాడు.

"స్వేయా? నాన్నని. ఉన్నావా?"

జవాబు లేదు. పొద్దున ఎవాల్డ్ పెట్టిన కట్టుబాటు ప్రకారం జట్టులోనూ ఎవరూ పలకలేదు. హోకన్ ఇంటి పిలుపు ఏది వచ్చినా అన్నాడు కదా, అందులో హోకన్ కూడా పడ్డాడు.

పదకొండున్నరకి మళ్ళీ పిలిచాడు. పావుతక్కువ పన్నెండుకి మళ్ళీ. "సోల్వేగ్, మా ఇంటి వైపు ఏమన్నా కనిపిస్తోందా?" అని కూడా అడిగాడు. కనిపించదని తెలుసు, మధ్యలో కొండ ఉంది. సోల్వేగ్ పలకలేదు. అందరి మీదా ఒళ్ళు మండిపోయింది. నిన్న అడక్కుండానే పలికినవాళ్ళు ఇవాళ కూడబలుక్కుని నోరు మూశారు.

అప్పుడే కుక్క మొరుగుడు దగ్గరికి వస్తోంది. మామూలు రోజైతే అతని ఒళ్ళంతా చెవులయ్యేవి. ఇవాళ అతనికి ఆ మొరుగుడు వినిపించనే లేదు. సరిగ్గా పన్నెండింటికి బటన్ నొక్కి, "స్వేయా, ఒక్కసారి పలకవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు. తలెత్తేసరికి ఖాళీ అంచున, అరవై అడుగుల దూరంలో, చెట్టు కొమ్మలంత కొమ్ములేసుకుని మగ దుప్పి నిలబడి అతని వంకే చూస్తోంది. తుపాకీ మంచె కమ్మీకి ఆనించి ఉంది. చెయ్యి దాని మీద పడేలోపు దుప్పి తీరిగ్గా వెనక్కి తిరిగి అడవిలోకి వెళ్ళిపోయింది.

ఛానల్లో ఎవాల్డ్ గొంతు వినిపించింది. "హోకన్."

"ఊఁ."

"నీ తుపాకీ పేలలేదేం? పొద్దున్నుంచీ మూడు కొండలు తిప్పి నీ ముందుకి దుప్పిని తోలుకొచ్చింది ఆ కుక్క. దాన్ని నువ్వు దణ్ణం పెట్టి పంపేశావు."

"స్వేయా పలకడం లేదు ఎవాల్డ్."

"అది ఇంటి మాట. దానికి నేను పలకను. వేట మాట చెప్తున్నా, ఆ బటన్ మీంచి వేలు తియ్యి. అయిదింటిదాకా దిగడానికి లేదు."

ఇక చేసేదేమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. హోకన్ కూర్చున్నాడు. తర్వాతి మూడు గంటలూ అతను జీవితంలో ఎన్నడూ అనుభవించని గంటలు. చెమటలు పట్టాయి, తర్వాత చలి పుట్టింది, తర్వాత మళ్ళీ చెమటలు. కూతురి శవాన్ని ఏడు చోట్ల చూశాడు. ఆరు గంటల పాటు కిటికీ దగ్గర నిలబడ్డ పదేళ్ళ పిల్లకి ఎలా ఉండి ఉంటుందో అతనికి రెండేళ్ళలో మొదటిసారి తెలిసింది. తెలిసి సిగ్గేసింది. ఆ రోజు దెబ్బ తగిలింది ఒక్క తన వేలికేనని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాడు.

అయిదుకి ఎవాల్డ్ చాలన్నాడు. హోకన్ మంట దగ్గర ఆగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అడవి రోడ్డు గుంతల్లో కారు ఎగిరెగిరి పడింది. ఇంటికి రాగానే తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేశాడు, ఆ రోజు అతను సరిగ్గా చేసిన పని అదొక్కటే. బూట్లు విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తాడు.

స్వేయా కంప్యూటర్ ముందు కూర్చుని రొట్టె తింటూ టైపు చేస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి. ఒళ్ళు మాత్రం లక్షణంగా ఉంది. బల్ల మీద వాకీటాకీకి పచ్చ దీపం వెలుగుతోంది.

హోకన్ దాని వంక చూశాడు. "ఇది ఆపేశావేమో అనుకున్నా."

"లేదు. పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంది."

"అయితే నా పిలుపు వినిపించిందా?"

"నాలుగుసార్లు. ఆఖరిసారి ఏడ్చావు కూడా."

అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. కోపం రావాలి, రాలేదు. పిల్ల కళ్ళ ముందుంది, అంతకన్నా ఏం కావాలో ఆ క్షణంలో అతనికి తోచలేదు. "మరి పలకలేదేమే?" అన్నాడు.

స్వేయా తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "పదింటికల్లా నా భయం పది నుంచి ఆరుకి దిగింది. ఇంక పిలవాలనిపించలేదు. ఇంటి వెనక పొదల్లో లింగన్ పళ్ళు ఏరుకొద్దామని గిన్నె కూడా తీశాను. అప్పుడు నువ్వు పిలవడం మొదలుపెట్టావు." కాసేపు రొట్టె అంచు తుంపుతూ కూర్చుంది. "నువ్వు పిలిచినప్పుడల్లా నాకు మళ్ళీ పదికి పోయింది. రెండుసార్లు బటన్ మీద వేలు పెట్టాను. కానీ పలికితే నీకు తగ్గదుగా నాన్నా."

హోకన్ ఒంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల ఈ కుర్చీలోనే, ఈ వాకీటాకీ ముందే, పదకొండు నుంచి పన్నెండు దాకా ఒంటరిగా కూర్చుని, తండ్రి ఏడుస్తుంటే విని, తను ఇవాళ చేయలేకపోయిన పనిని చేసింది. తన కోసం చేసింది. తనకి కలిగింది గర్వమో దుఃఖమో అతనికి తెలియలేదు.

"తగ్గిందా నీకు?" అంది స్వేయా.

అబద్ధం చెబుదామనుకున్నాడు. "మూడు దాటాక కొంచెం. కాఫీ తాగాను."

"ఎంతకి దిగింది?"

"ఏడు."

స్వేయా ఏడు అని కొట్టింది. అతను మెడ చాచి తెర మీద ఉత్తరం చదివాడు. "ఫర్నాజ్, సోమవారం అమ్మ బడి కారిడార్లో కూర్చోనక్కర్లేదు, నేనొక్కదాన్నే వెళ్తాను. ఇవాళ నాన్న గొంతు వినిపించింది కాబట్టి ఇవాళ్టిది లెక్కలోకి రాదు. రేపు మళ్ళీ చేస్తాం. పొద్దున నాకు పది, పదింటికి ఆరు. నాన్నకి పన్నెండింటికి పది, మూడు దాటాక ఏడు."

"రేపు నేను పిలవను," అన్నాడు హోకన్.

"పిలుస్తావులే," అంది స్వేయా, అతని వంక చూసి, చెంప మీద అంటుకున్న పైన్ ఆకు తీసేస్తూ. "పిలుచుకో, పర్వాలేదు. నేను పలకను."